మునగచెట్టు మీద తెల్లపిట్ట

ఫ్రెంచి దొరల కాలంలో మూలకుళం అనే ఊళ్ళో ఆదివారం పొద్దున లోగనాయకి అరుగు మీద చోటు దొరకాలంటే పెందలాడే వెళ్ళాలి. మిల్లుకూ ఆఫీసులకూ సెలవు కాబట్టి పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. ఆ పిచ్చికి పెద్దదిక్కు లోగనాయకి. పొలాలున్న ఇంటి ఇల్లాలు, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వారంలో ఏ పిట్టను ఎక్కడ చూశారో చెప్పాలి, సందేహముంటే అడగాలి. కోవిల గుడ్లను కాకి ఎందుకు పొదుగుతుంది, చలికి వచ్చిన పిట్టలు ఎండలు ముదిరితే ఎటు పోతాయి, అన్నిటికీ జవాబు ఆవిడదే. తెలియకపోతే "నాకు తెలీదు" అని ఎంత గట్టిగా అనేదంటే, అదీ జవాబులాగే ఉండేది.

ఒకటే కట్టడి. కంటితో చూసిందే చెప్పాలి. ఊహించి చెప్పినవాళ్ళకు ఆ పూట మజ్జిగ ఇచ్చేది కాదు.

ఆ ఏడు చైత్రం వచ్చేసరికి ఆ కట్టడి పెట్టిన మనిషికే చూపు మసకబారింది. ఇంట్లో కూడా చెప్పలేదు. కళ్ళు లేని మనిషిని పిట్టల సంగతి ఎవరు అడుగుతారు? అరుగు ఖాళీ అయిపోతుందని ఆవిడకు ఒకటే బెంగ. పాపం, బెంగపడడం బొత్తిగా చేతకాని మనిషి.

ఆ ఆదివారం అందరికంటే ముందు తనే నోరు తెరిచింది.

"అదో, మునగచెట్టు మీద సూడండి! పొడుగు తోక తెల్లపిట్ట. ఇంకా పోలేదు, మనకోసమే నిలిచిండాది."

మిల్లులో నూలు వడికే పూంగావనం తలెత్తి చూసి, ఒకసారి లోగనాయకి ముఖం చూసి, "అవునక్కా, ఎంత తెలుపు!" అంది. రేవులో గుమాస్తా అనంతరామన్ దగ్గర ఓ దుర్భిణి ఉండేది. దాన్ని కంటికి ఆనించి చాలాసేపు చూశాడు.

"రెండు తోకలత్తా. గాలికి ఊగతా ఉండాయి."

లోగనాయకి పొంగిపోయింది. ఆ పిట్ట ఏం తింటుందో, గూడు ఎలా కడుతుందో తీరిగ్గా చెప్పుకొచ్చింది. పిట్ట మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఇంతలో కోడలు వల్లి వచ్చి కొమ్మ వంచింది.

"ఒసే, పిట్టను తోలేస్తావే!"

"యాడుండాదత్తా పిట్ట? వడియాల మీదికి కాకులు రాకండా మామ పాత పంచె చించి నేనే కట్టినా. వడియాలు ఎండిపోయినాయి, ఇప్పతా ఉండాను."

లోగనాయకి గుమాస్తా వైపు తిరిగింది.

"అనంతరామా, నీ దుర్భిణిలో ఏంది కనపడింది?"

"పంచె, అత్తా."

"మరి రెండు తోకలంటివే?"

"మీరు నొచ్చుకుంటారని..."

లోగనాయకికి చర్రున కోపం వచ్చింది. వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"కండ్లు పోయింది నాకు నాయనా. మీవి బాగానే ఉండాయి గదా. నాకోసం మీరంతా ఎందుకు గుడ్డోళ్ళయినారు?"

మళ్ళీ ఆదివారం అందరూ సిగ్గుపడుతూనే వచ్చారు. గోడవతల వేపచెట్టు మీద నల్లగా ఏదో కదిలితే లోగనాయకే అంది, "కాకి."

పూంగావనం అనంతరామన్ వైపు చూసింది. అతను దుర్భిణి సర్దుకుంటూ నేల చూపులు చూశాడు. ఇక లాభం లేదని తనే తెగించింది.

"కాదక్కా. కోవిల. కన్ను ఎర్రంగా ఉండాది."

లోగనాయకి ముఖం చేటంత అయింది. కాస్త జరిగి, పూంగావనాన్ని చెయ్యి పట్టి పక్కన కూచోబెట్టుకుని, ఆ అరుగు మీద మొట్టమొదటిసారి పిట్ట గురించి తనే ఓ సందేహం అడిగింది.

"ఎంత ఎరుపే? బాగా సూసి చెప్పు."