నేను రిపోర్టు చేసిన జాడ

పిల్లలూ, యుద్ధంలో నువ్వేం చేశావు అమ్మమ్మా అని అడిగారుగా. చెప్తాను.

దివిసీమ చివర, సముద్రపు ఒడ్డున ఉన్న కాపలా పోస్టుకి మాఘమాసంలో చేరాను. మధ్యాహ్నం రెండు గంటలు. బందరు నుంచి పడవ, ఆ తరవాత ఆరు మైళ్ళు బురద. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ పెట్టె, ఎనిమిదిమంది మగవాళ్ళు, ఒక పొట్టి గుర్రం. నేను వైర్‌లెస్ పనికి వచ్చినదాన్ని. మర్నాడే గస్తీ తిరిగే సవారుకి మలేరియా వచ్చింది. మా నాన్న మిషన్ బడి మేష్టరు. గుర్రం మీద పల్లెలు తిరిగేవారు, నాకూ నేర్పారు. అందుకని గస్తీకి నేను వెళ్తానన్నాను. హవల్దారు గుడివాడ మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "పడితే మాత్రం నాకు చెప్పకండమ్మా" అన్నాడు.

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరేదాన్ని. పోను మూడు మైళ్ళు, రాను మూడు. ఒక టార్చి, ఒక నీళ్ళ సీసా. శత్రువు దిగిన జాడ కనపడితే వెంటనే చెప్పాలి. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడకూడదు. జాడ ఖాయమైతే ఒడ్డునున్న పడవలన్నీ తగలబెట్టాలి, జపాన్ వాళ్ళకి దొరక్కుండా. అవీ మాకున్న హుకుములు.

భయం వేసేది. వచ్చేటప్పుడు వెలుతురులో కనపడే చిన్న ప్రాణులే నాకు తోడు. గిట్టల చప్పుడికి ఎర్ర పీతలన్నీ ఒక్కసారే కన్నాల్లో దూరేవి, ఇసుక మీంచి ఎర్ర దుప్పటి లాగేసినట్టు. బురదలో వేలెడు చేపలు కాళ్ళున్నట్టు గెంతేవి. వాటికోసం గుర్రాన్ని ఆపేదాన్ని.

ఫాల్గుణంలో ఒకరోజు, అరమైలు వెళ్ళానో లేదో, టార్చి వెలుతురులో నీటి అంచు నుంచి ఇసుక మిట్ట మీదికి జాడ కనపడింది. మూరన్నర వెడల్పు. రెండు పక్కలా రంపపు పళ్ళలాంటి అచ్చు, మధ్యలో ఈడ్చిన గీత. ట్యాంకు పట్టాల బొమ్మ ట్రైనింగులో చూశాను. జాడ చివరిదాకా వెళ్ళలేదు. గుర్రాన్ని తిప్పి దౌడు తీయించాను.

"ఖాయమేనా?" అన్నాడు హవల్దారు.

"ఖాయమేనండి."

అయిదుంబావుకి మొదటి పడవ అంటుకుంది. ఆ పడవ సొంతదారు, నలభయ్యేళ్ళావిడ, అరవలేదు. ఏం చూశావో చూపించమంది. హుకుం పక్కనబెట్టి తీసుకెళ్ళాను. జాడ చివర చేత్తో ఇసుక తవ్వింది. మోచేతి లోతున తెల్లటి గుండ్రటి గుడ్లు.

"తాబేలమ్మా. ఏటా వస్తాది. మమ్మల్నడిగితే చెప్పేవోళ్ళం గదా."

గుర్రమెక్కి పరిగెత్తించాను. రెండో పడవ మీద కిరసనాయిలు పోసేశారు, ఇంకా అంటించలేదు. నేను చెప్పింది విని హవల్దారు అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. "ఇంటి దగ్గర మా అమ్మకి ఈ పడవ సంగతి తెలిస్తే నాకు అన్నం కూడా పెట్టదు" అన్నాడు. నాలుగు పడవలు దక్కాయి. ఆవిడదే పోయింది.

వేసవిలో నన్ను బందరు పంపేశారు. బదిలీ కాగితంలో 'పొరపాటు' అని ఒక్క మాట రాశారు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు, చాన్నాళ్ళు.

పడవ కాలిన ఆ తెల్లవారుజామున ఆవిడ నడుచుకుంటూ నా వెనకే వచ్చింది. అప్పటికి పడవల పక్కనే ఇంకో గూటిలోంచి అప్పుడే పుట్టిన తాబేలు పిల్లలు, బొటనవేలంతేసి, సముద్రాన్ని వదిలేసి మంటవైపు పాకుతున్నాయి. వెలుగెక్కడుంటే అదే సముద్రం అనుకుంటాయట. ఆవిడ తన పడవ కాలుతుంటే, దానికి వీపు పెట్టి కూర్చుని, ఒక్కొక్కదాన్నీ ఎత్తి నీళ్ళవైపు తిప్పుతోంది.