హొసకోటె మామిడిచెట్టు మీది రాతిపువ్వు

మసాలా పొడులు కొట్టి అమ్ముకునే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా రాతిపువ్వంటే నాకు డబ్బాలో ఎండిన నల్లటి రేకులే. కిందటి వానాకాలంలో హొసకోటె అవతల, మా దగ్గర పొడులు కొనే రత్నమ్మక్క తోటలో మొదటిసారి దాన్ని ప్రాణంతో చూశాను. మామిడి మాను మీద అరచేయంత బూడిదరంగు రేకులు, వాన పడగానే పచ్చబడ్డాయి. పేరుకే పువ్వు, నిజానికి శిలీంధ్రమూ నాచూ కలిసి కాపురం చేసే లైకెన్ అది. గాలి చెడితే ముందుగా చచ్చేవాటిలో అదొకటి. నాకేమో ఉబ్బసం. నగరంలో మేముండే కె.ఆర్.పురంలో వీధి చెట్లన్నీ వెతికాను, ఎక్కడా లేదు. అది బతికున్న చోట ఒక్క పూట కూర్చుని గాలి పీల్చి రావాలని మొన్న ఆదివారం బయల్దేరాను.

ఉదయం ఏడింటికి రైల్వే స్టేషన్ దగ్గర బస్సెక్కితే, హొసకోటె చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడి నుంచి తోటకి ఆటో నూటయాభై. బేరమాడకండి, దారి అంత దరిద్రంగా ఉంది. ముందున్న లారీ పొగకి ఇన్‌హేలర్ తీయక తప్పలేదు. డ్రైవరుది మదనపల్లె వైపట. అద్దంలో నన్ను చూసి, "ఏం చూసేదానికి పోతాండారు మేడమ్, సైట్ ఏమన్నా సేల్‌కుండాదా?" అన్నాడు.

"చెట్టు మీద రాతిపువ్వు చూడ్డానికప్పా."

"దానికా! సండే అంతా వేస్ట్ చేసుకుంటాండారే!" అని నవ్వాడు.

రత్నమ్మక్క గేటు దగ్గరే కాచుకుని ఉంది. మీ మామిడిచెట్టు చూడ్డానికి వస్తున్నానని ముందురోజు ఫోన్ చేశాను. అంతే చెప్పాను. మనవాళ్లు చూడ్డానికి వస్తున్నారంటే ఏం చేస్తారు? కడుగుతారు, సున్నం కొడతారు. మాను మొదలు నుంచి కొమ్మల దాకా తెల్లగా మెరుస్తోంది. నడుమ ఎర్రమన్ను పట్టీ, దాని మీద కుంకుమ బొట్టు.

"ఎట్లుండాది? నువ్వొస్తాండావని నిన్ననే సున్నం కొట్టిస్తిని. చెన్నాగుండాది కదా?"

"దాని మీద రేకులుండేవి కదక్కా?"

"ఆ గజ్జా? చెట్టు రసమంతా తాగేస్తాదని కత్తితో గీకించేస్తిని. రవ్వంత కూడా మిగల్లేదులే!"

అది చెట్టు రసం తాగదు, బెరడు మీద ఊరికే ఉంటుంది. చేతికి కాఫీ ఇచ్చి ముఖంలోకి ఆశగా చూస్తున్న మనిషిని ఏమని తిట్టేది? "చెన్నాగుండాదక్కా" అన్నాను. వరసలో తక్కిన చెట్లకీ సున్నమే. గీకిన రేకులు బురదలో పడి ఉన్నాయి. ఒకటి ఏరి చూస్తుంటే ఏడుపొచ్చింది.

ఇది ఎవరికి చెప్పుకోవాలి? ప్రపంచంలో చాలాచోట్ల పెరుగుతుంది కాబట్టి అంతరిస్తున్నవాటిలో దీన్ని లెక్కవేయరు. అందుకే మన దగ్గర పోయినా అడిగే నాథుడు లేడు. ఏడాదికి గోరు మందం పెరిగేది, ఆ లారీల పొగలో మళ్లీ అరచేయంత అవుతుందని నాకు నమ్మకం లేదు. ఒకవేళ అయినా, అప్పటికి చూడ్డానికి నేనుండను.

మీ చుట్టుపక్కల ఎక్కడైనా మిగిలి ఉంటే వాన వెలిసిన పొద్దున వెళ్లండి, అప్పుడే పచ్చగా కనిపిస్తుంది. వస్తున్నట్టు మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి.