లేని వేలు నొక్కిన బటన్

మణుగూరులో బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర మన్సూర్ కంప్యూటర్ ఆపరేటర్. బండి కాటా ఎక్కంగనే నల్ల స్క్రీన్ మీద నంబర్, తూకం కొట్టి, కుడిచేతి చిటికెన వేలితో ఎంటర్ నొక్కితే చీటీ బయటికొచ్చేది. చూపు స్క్రీన్ మీదనే ఉండేది. ఎంటర్ సంగతి వేలే చూసుకునేది. ఒకనాడు లారీ వెనక తలుపు మూస్తుంటే ఆ వేలు నడుమ పడి నలిగింది. దవాఖానాల మొదలంటా తీసేసిండ్రు.

చెయ్యి మానినంక డ్యూటీకి వచ్చిండు. పక్క వేలితో ఎంటర్ నొక్కబోతే వేరే బటన్ పడుతున్నది. గిట్ల కాదని కంప్యూటర్‌కు కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచిండు. ఏ బటన్ నొక్కితే దాని నంబర్ చూపించే కమాండ్ ఒకటుంది. ఎంటర్ నొక్కిండు, 36. ఎడమ పక్క క్యాప్స్ లాక్ నొక్కిండు, 66. ఎంటర్ చేసే పనే 66కు కూడా అప్పజెప్పిండు. చీటీలు మళ్ల జల్దీ వస్తున్నయ్.

ఆ మధ్యాహ్నం రెండు చేతులతో చాయ్ గ్లాసు పట్టుకొని కూచుంటే, తెరిచే ఉన్న టెర్మినల్‌ల 36 పడ్డది.

"బొగ్గు దుమ్ముకు బటన్ ఇరుక్కున్నట్టుంది భాయ్," అన్నది పక్క టేబుల్ పుష్ప. కీబోర్డు మార్చిండ్రు. మళ్ల పడ్డది. అప్పుడు మన్సూర్‌కు ఒకటి తట్టింది: లేని వేలు జివ్వుమన్నప్పుడే అది పడుతున్నది. కళ్లు మూసుకొని, ఆ వేలును వంచుతున్నట్టు అనుకున్నడు.

"వచ్చింది భాయ్." పుష్ప లేచి కీబోర్డు వైరు పీకింది. ఇంకో 36 పడ్డది.

సాయంత్రం కాటా ఖాళీగా ఉన్నా చీటీ బయటికొచ్చింది. గట్లయితే నౌకరీ పోతదని మన్సూర్ 36కు ఏ పనీ లేకుండ చేసిండు. ఇల్లు చేరంగనే లేని వేలు మండుడు షురువైంది, తలుపు నడుమ ఇంకా నలుగుతున్నట్టు. గోలీలు వేసినా తగ్గలే. తెల్లారి ఆఫీసుకొచ్చి దానికి చిన్న పని ఇచ్చిండు: ఒక చుక్క పెట్టుడు. మంట నీళ్లు చల్లినట్టు ఆరింది.

అప్పటిసంది చీటీల మీద అక్కడక్కడ చుక్కలు. డ్రైవర్లు "ఏంది ఇవి?" అంటే, "మెషిన్ గట్లనే కొడతది," అనేటోడు.

వానాకాలంల కారేపల్లి పోయిండు, చెల్లె షరీఫా ఇంటికి. ఆమె అన్నం వడ్డిస్తుంటే ఫోన్ మోగింది.

"భాయ్, చుక్కలు ఆగుతలేవ్," అన్నది పుష్ప. "వరుసగ వస్తున్నయ్. ఏలు గుంజుతున్నదా?"

పొద్దటిసంది గుంజుతనే ఉన్నది. ఎవరికీ చెప్పలే. మన్సూర్ అన్నంల పెట్టిన కుడిచేయి దిక్కు చూసిండు.

"అవ్ పుష్పమ్మా."

ఆ మాట అనంగనే వేలు గుంజుడు తగ్గింది.

"ఇప్పుడు ఆగినయ్ భాయ్," అన్నది.