అరువుకు పోయిన బడి

మొన్న మంగళవారం పొద్దున తొర్రూరు నుంచి ఫోను వచ్చింది. చేసింది మా పంతులమ్మ మనవడు. "టీచరమ్మా, మా నాయనమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, పేపర్ పట్టుకున్నది, కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టింది. గంతే," అన్నాడు. పేపరు మొత్తం చదివిందా అని అడిగాను. అట్లాంటప్పుడు అడగవలసిన మాట కాదు, నోరు జారింది. ఆ పిల్లవాడు మాత్రం తప్పు పట్టలేదు. "రెండో పేజీ దాక సదివింది," అన్నాడు. మిగతాది ఎవరైనా ఆమె పక్కన కూర్చుని చదవండి అని చెప్పి, ఫోను పెట్టేసి ఏడ్చాను.

మరునాడు పేపర్లో చిన్న వార్త వేశారు, విశ్రాంత ఉపాధ్యాయురాలి మృతి అని. నాకు ఒళ్లు మండింది. ఆమె విశ్రాంతి ముఖం చూసిన పాపాన పోలేదు. తొంభై దాటాక కూడా వీధిలో ఆడుకునే పిల్లలను పిలిచి ఎక్కాలు అప్పజెప్పించుకునేది. పదమూడో ఎక్కం తప్పినవాడికి బెల్లం ముక్క సగమే. బండి దగ్గర బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా నూనె మరకల మధ్య నుంచి చదివి గానీ పారేసేది కాదు. పంటిపోటు అన్న వంకతో చుట్ట కాల్చేది. ఆదివారం ప్రార్థనకు వెళ్లే ముందు నోరు పుక్కిలించి, "దేవునికి తెలుసు గని పాస్టరుకు తెల్వద్దు," అని కన్ను గీటేది.

నేను ఆమె దగ్గర పలక పట్టిన గొల్లోళ్ల పిల్లను. తరువాత నేనూ సర్కారు బడిపంతులమ్మనే అయ్యాను. మొదటి కొలువు టేకుమట్లలో వచ్చింది. మొదటి జీతంతో ఆమెకు చీర కొని తీసుకుపోతే, చీర మడత కూడా విప్పకుండా రెండు మాటలు అడిగింది. "రిజిష్టర్ల ఎందరున్నరు? నిన్న బడికి ఎందరొచ్చిండ్రు?" నలభై మంది ఉన్నారు, పందొమ్మిది మంది వచ్చారు అన్నాను. "గట్లయితే సగం చీరనే కట్టుకుంట," అంది. ఆ తరువాత నేను ఎప్పుడు వెళ్లినా ముందు ఆ రెండు ప్రశ్నలు, తరువాతే మంచినీళ్లు.

కొలువులో పైకి వచ్చాక నన్ను హైదరాబాదు మీటింగులకు పిలిచేవాళ్లు. అక్కడ గోడ మీద పట్టికలు చూపేవాళ్లు. ఏ రాష్ట్రం బడికి ఎంత ఖర్చు పెడుతోంది, ఎక్కడ పంతులుకు ఎంత జీతం, ఎక్కడి పిల్లలు బాగా చదువుతున్నారు అని. మనం ఎప్పుడూ కింది వరసల్లోనే. నేను ఆ కాగితాలు తెచ్చి పంతులమ్మకు చదివి వినిపించేదాన్ని. ఒకసారి నేను కొంచెం పొంగిపోయి, "మీరు రూపాయి జీతం లేకుండానే మాకు చదువు చెప్పిండ్రు కదా, ఇన్ని లెక్కలు దేనికి," అన్నాను. పొగుడుతున్నాననుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నన్ను సూపిచ్చి పంతుళ్ల జీతం కొయ్యకుండ్రి. జీతం జొన్నలు రాని వారం నాకు ఎక్కాలు నోటికి రాకపోయేటియి. పైసలు పెట్టాలె. పంతులు కడుపు నిండాలె. గని పెట్టిన పైస పిల్లగాని దాక వచ్చిందా లేదా, గది అడుగు. మన గడీల బడికి జీతం రాలేదా ఏంది?"

ఆ గడీ బడి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

మా ఊరు జనగామకూ తొర్రూరుకూ నడుమ ఉంటుంది. అవి సంఘం రోజులు. వెట్టి చెయ్యం అని ఊళ్లు ఎదురు తిరుగుతున్న కాలం. మా ఊరి దొర భయపడి హైదరాబాదు వెళ్లిపోయాడు. కోటలాంటి ఆయన ఇల్లు, గడీలో గుమాస్తా, ఇద్దరు జవాన్లు మిగిలారు. గడీ ముందరి వరండాలోనే నిజాం సర్కారు బడి ఉండేది. దానికొక సర్కారు పంతులు, ఆయనకు నెల నెలా హాలీ రూపాయల్లో జీతం, ఒక కుర్చీ, ఒక నల్లబల్ల, ఒక గోడ గడియారం. పిల్లలు మాత్రం నలుగురే, గుమాస్తా కొడుకులు ఇద్దరూ పట్వారీ కొడుకులు ఇద్దరూ.

మా బడి పల్లె చివర, క్రైస్తవుల వాడలో, ఒక పశువుల కొట్టంలో నడిచేది. పంతులమ్మ మానుకోట దిక్కు పిల్ల. మిషన్ బడిలో చదువుకుని మా ఊరికి కోడలిగా వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆమె భర్త సంఘంలో తిరిగేవాడు. ఆమె జీతం వారానికి ఇంటికి సోలెడు జొన్నలు. నల్లబల్లకు బదులు బొగ్గు పూసిన తలుపు. పిల్లలం ముప్పై ఒక్కమందిమి. ఆమె వాడకు పోయి వచ్చానని మా అవ్వ నా మీద నీళ్లు చల్లి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. చల్లుతూనే, "ఇయ్యాల ఏం నేర్పింది?" అని అడిగేది.

ఒక మధ్యాహ్నం సర్కారు పంతులు మా కొట్టానికి వచ్చాడు. పెద్ద మనిషి, భయస్తుడు. కోటు గుండీలు పెట్టుకుంటూ తీస్తూ నిలబడ్డాడు. సోమవారం వరంగల్ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట. జీతం పోతోంది, పిల్లలు లేరు అని ఎవరో అర్జీ పెట్టారట. బడి ఎత్తేస్తే ఆయన కొలువు పోతుంది. ఇంట్లో ఐదుగురు పిల్లలు.

"జర నీ పిల్లలను ఒక్క పూట అరువియ్యమ్మా," అన్నాడు.

పంతులమ్మ ఆయన రిజిష్టరు తెప్పించి చూసింది. అందులో ముప్పై పేర్లు ఉన్నాయి. నలుగురు తప్ప మిగతావాళ్లెవరూ మా ఊళ్లో లేరు. పాపం ఆయన ఎవరి పేర్లు రాయాలో తోచక తన అత్తగారి ఊరి పిల్లలందరినీ కాగితం మీద మా ఊరికి తోలుకొచ్చాడు. పంతులమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది.

"నా పిల్లలు వేరేటోళ్ల పేర్లకు హాజిర్ అనరు. కొత్త పుస్తకం తే. వీళ్ల పేర్లు రాయి. తండ్రి పేర్లు రాయి. ఆడపిల్లలయి సుత రాయి. గప్పుడు పంపుత."

ఆయన మళ్లీ కోటు గుండీ తీశాడు. వెట్టివాళ్ల పిల్లల పేర్లు సర్కారు పుస్తకంలో రాస్తే గుమాస్తా ఊరుకుంటాడా? కానీ పంతులమ్మ పట్టుకున్నది అదే. సర్కారు రిజిష్టరులో పేరు లేనిదే జనగామ పెద్ద బడిలో కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. మేం ఆమె దగ్గర ఎంత చదివినా కొట్టం గడప దాటే దారి లేదు. ఆ పుస్తకంలో మా పేర్ల కింద ఇన్‌స్పెక్టర్ సంతకం కోసం ఆమె ఏడాదిగా చూస్తోంది.

సంఘం వాళ్లకు తెలిసి ఇద్దరు వచ్చి గట్టిగానే అడిగారు. "దొర గడీకి మన పిల్లలను పంపుడేందక్కా?"

"మీరు గడీలకు ఎన్నడు పోతరో నాకు తెల్వది. మా పిల్లలు సోమవారం పోతుండ్రు," అంది. వాళ్లు నవ్వలేక నవ్వి వెళ్లిపోయారు.

మర్నాడు సర్కారు పంతులు కొత్త పుస్తకం తెచ్చి కొట్టంలోనే కూర్చుని రాశాడు. నా వంతు వచ్చింది. పేరేంది అన్నాడు. మైసి అన్నాను. "మైసమ్మ అని రాయి," అంది పంతులమ్మ. తండ్రి పేరేంది అన్నాడు. లింగిగాడు అన్నాను. నాకు తెలిసింది అదే, ఊరంతా అట్లాగే పిలిచేది. పంతులమ్మ నా వైపు చాలాసేపు చూసి, "లింగయ్య," అంది. ఇప్పటికీ ఆ చూపు తలుచుకుంటే తల దించుకుంటాను.

సోమవారం మేం ముప్పై ఒక్కమందిమి తలకు నూనె రాసుకుని గడీ మెట్లు ఎక్కాం. మా అమ్మానాన్నలు చెప్పులు చేత పట్టుకుని దూరం నుంచి తిరిగిపోయే చోటు అది. గుమాస్తా పళ్లు కొరికాడు గానీ ఇన్‌స్పెక్టర్ బండి అప్పటికే లోపల ఉంది. పంతులమ్మ మాతో రాలేదు. సంఘం బడి నడుపుతున్నదని తెలిస్తే జనగామ ఠాణాకు పట్టుకుపోతారు. అందుకని వాకిలి ఊడ్చే ఆడవాళ్లలో కలిసి, కొంగు ముఖం మీదికి లాక్కుని చీపురు పట్టుకుంది. ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ సాబ్ షేర్వాణీ వేసుకున్న ముసలాయన. పేర్లు పిలిచాడు. అందరం హాజిర్ అన్నాం. నన్ను లేపి వాచకం చదవమన్నాడు. నేను గడగడా చదువుతుంటే, కంఠస్థం పట్టిందని అనుమానించి పుస్తకం లాక్కుని ఇంకో పేజీ తీశాడు. అది నేనెప్పుడూ చూడని పేజీ. వేలు పెట్టుకుని మెల్లగా చదివాను. ఒక్క ఒత్తు కూడా పోలేదు. లెక్క ఇచ్చాడు, గొర్రెల లెక్క. గొల్లపిల్లకు గొర్రెల లెక్క ఇస్తే ఏముంది, ఆయన మాట ముగియకముందే చెప్పాను.

ఆయన మీసాల కింద నవ్వుకుని, "శభాష్! ఎవరు నేర్పిండ్రు బేటీ?" అన్నాడు.

అబద్ధం ఆడొద్దని పంతులమ్మ రోజూ చెప్పేది. ఈ ఒక్కరోజుకు ఆడొచ్చు అని చెప్పడం మరిచిపోయింది. నేను వాకిట్లోకి చెయ్యి చాపి, "మా పంతులమ్మ," అన్నాను.

అంటూనే నాకు తెలిసింది ఏం చేశానో. గుమాస్తా ముఖం వెలిగింది. పంతులమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగు వెనక్కి తీసి, మెట్లు ఎక్కి వచ్చింది.

"సర్కారు పంతులు చెప్పిందే సాబ్, నేను ఇంటికాడ ఒకపారి అప్పజెప్పిచ్చుకుంట. గంతే," అంది. తనను ఇరికించిన నన్నూ, తన పిల్లలను అరువడిగిన ఆయననూ ఒక్క మాటతో కాపాడాలని చూసింది.

అప్పుడు సర్కారు పంతులు కుర్చీలోంచి లేచాడు. "కాదు సాబ్," అన్నాడు. "గీ పిల్లలకు నేను ఒక్క అక్షరం సుత చెప్పలే. జీతం నాది, చదువు ఆమెది. నా కొలువు తీసెయ్యండ్రి. గని వీళ్ల పేర్లు కొట్టెయ్యకుండ్రి."

గుమాస్తా అందుకున్నాడు. "ఇది సంఘపోళ్ల బడి సాబ్. వెట్టోళ్ల పోరలు. పుస్తకం చింపెయ్యాలె!"

ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు చూడనే లేదు. పంతులమ్మను అడిగాడు. "నీ జీతం, తన్ఖా ఎంత?"

"ఇంటికి సోలెడు జొన్నలు సాబ్. పండని ఇండ్లు ఇయ్యయి."

ఆ ముసలాయన నల్లబల్ల వైపు తిరిగాడు. దాని మీద చాలా కాలంగా ఎవరూ ఏమీ రాయలేదు. "పుస్తకం నిండ పేర్లుండి పిల్లలు లేని బళ్లు నేను శాన చూసిన. ఇయ్యాల పిల్లలను చూసిన. చదివిండ్రు. నేను చూసిందే రాస్త," అన్నాడు. కలం తీసి, ప్రతి పేరు ముందు గుర్తు పెట్టి, చివర సంతకం చేసి, మొహరు కొట్టాడు. మొహరు పడిన చప్పుడుకు పంతులమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అవి నిండి ఉన్నాయి. గెలిచినవాళ్లు ఏడ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆయన సర్కారు పంతులు కొలువు తీయలేదు. జీతం తీసుకున్నందుకు రోజూ కొట్టంలో కూర్చుని పాఠం చెప్పమని చీటీ రాసి ఇచ్చాడు. తరువాతి వారమే నల్లబల్ల, పలకలు మా కొట్టానికి వచ్చాయి. గడియారం గుమాస్తా ఇవ్వనన్నాడు. తరువాత పోలీసు క్యాంపులు పడ్డాయి, కొట్టం కూల్చారు, పంతులమ్మ నాలుగు నెలలు జైలులో ఉండి వచ్చి ఇంకో కొట్టం వేసింది. పుస్తకాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అందులోని పేరు చూపించే నేను జనగామ బడిలో చేరాను. ఆమె కూడా పరీక్షలు రాసి సర్కారు కొలువు తెచ్చుకుంది. చివరిదాకా పింఛను తీసుకుంది. పింఛను రోజున ఇస్త్రీ చీర కట్టుకుని బ్యాంకుకు వెళ్లేది. అది దయ కాదు, కష్టార్జితం అని ఆమె నడకలోనే తెలిసేది.

ఆ సోమవారం సాయంత్రం పంతులమ్మ నన్ను ఇంటి దాకా తీసుకువచ్చింది. మా అవ్వ నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆమెను చూసి, ఆ చెంబు తాగమని చేతికిచ్చింది. మా నాయన మంద తోలుకుని అప్పుడే వచ్చాడు. జరిగిందంతా విని, నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు.

"పుస్తకంల నా పేరు సుత ఉన్నదా బిడ్డా? ఏమని రాసిండ్రు?"

"లింగయ్య అని, నాయినా."

"ఇంకోపారి చెప్పు."

చెప్పాను. మూడోసారి కూడా అడిగాడు. పంతులమ్మ చెంబు కింద పెట్టి, "దాన్నెందుకు సతాయిస్తవు? నువ్వే సదువుకోని చూడరాదా? రేపు పొద్దుగాల రా," అంది.

మర్నాడు కొట్టంలో చివరి వరసలో, మోకాళ్లు ముడుచుకుని, గొంగడి భుజాన వేసుకుని, నా పాత పలక ఒళ్లో పెట్టుకుని మా నాయన కూర్చున్నాడు. పిల్లలు కిసకిస నవ్వారు. పంతులమ్మ నవ్వలేదు. ముప్పై ఒక్క పేర్లూ పిలిచాక తలెత్తి, ముప్పై రెండోది పిలిచింది.

"లింగయ్య!"

కర్ర ఊతంగా పట్టుకుని నిటారుగా లేచి నిలబడి, వాడంతా వినపడేటట్టు మా నాయన "హాజిర్" అన్నాడు.