నాన్న పెట్టిన ఇంటూలు

అమ్మ కవితల పుస్తకం నాన్న చలవేనని ఇక్కడ కెనడాలో మా విండ్సర్ తెలుగువాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ చలవేమిటో నేను కళ్ళారా చూశాను.

మొన్న మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంటమ్మాయి తన కవితలు ప్రింట్ తీసి, "ఆంటీ, పుస్తకం వేస్కుంటున్నా. మంచిగ లేనివి కొట్టేయుండ్రి" అని నా చేతిలో పెట్టింది. ఆ కాగితాల కట్ట చూడగానే, నా ఏడేళ్ళప్పటి మా వంటగది గుర్తొచ్చింది.

అమ్మ చేత్తో రాసిన కవితలను జిరాక్స్ తీయించి పుస్తకంగా కుట్టాలని అమ్మా నాన్నా అనుకున్నారు. ముందు ఎడిట్ చేయాలంటూ నాన్న ఎర్రపెన్ను పట్టుకుని, అమ్మ రాసిన అసలు కాగితాల మీదే పేజీ తర్వాత పేజీకి ఇంటూ కొట్టారు. నాకు తెలుగు చదవడం రాదు. మా స్కూల్లో మాత్రం ఉత్తరం చివర ఇంటూ పెడితే ముద్దని అర్థం.

"మమ్మీ, లుక్! సో మెనీ కిసెస్ ఫ్రమ్ డాడీ!" అని గంతులేశాను.

"అవునే, ఇన్నేళ్ళవీ ఒకేసారి పెట్టేశారు" అంది అమ్మ. ఆ పేజీలన్నీ ఏరి, కూరగాయల తొక్కలున్న చెత్తసంచిలో వేసింది. పుస్తకం పలచగా వచ్చింది. అమ్మ మళ్ళీ రాయలేదు.

ఆ అమ్మాయి కాగితాల మీద నేనింకా పెన్ను పెట్టలేదు. అమ్మానాన్నలిద్దరూ పోయాక ఎవరినడగను? నాన్న కొట్టేసింది బాగోలేని కవితల్నా, తను కనిపించిన కవితల్నా?