ప్లస్ గుర్తును నమ్మని మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న ఆదివారం పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఫొటో చూస్తే పాతది, పెట్టినవాడేమో ఏ వార్తనైనా సరిచూడకుండా తోసేసే రకం. మాస్టారి ఇంటికే ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తారు, మేం ఆంటీ అంటాం. "నిజమేనమ్మా. చర్చికి తయారవుతూ కుర్చీలో కూలబడ్డారు, అంతే" అన్నారు. అప్పుడు నమ్మాను. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మకూడదని నేర్పింది ఆయనే.

రాజమండ్రిలో మందుల షాపు పైన రెండు గదుల్లో జావా చెప్పేవారు. ఆయనకి అన్నీ అనుమానాలే. తాళం వేసి మూడుసార్లు లాగి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగేవారు. టీ కొట్టాయన పాలు తాజావే అంటే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అతని మొహంలోకి చూసేవారు. ఇక మా ప్రోగ్రాం మొదటిసారే నడిచిందో, చచ్చామే! "ఎక్కడో మోసం ఉందమ్మాయ్, వెతుకు" అనేవారు.

కాకినాడలో ఎరువులు అమ్మే ఆఫీసొకటి నన్ను ఉద్యోగ పరీక్షకి పిలిచి, ఒక ప్రోగ్రాం రాసి తెమ్మంది. రైతుల పేర్లు తీసుకుని, ప్రతి పేరుకీ 'గారు' తగిలించి, అన్నిటినీ ఒకే పొడవాటి జాబితాగా అతికించాలి. మా వైపు గారు లేకుండా ఉత్తరం పంపితే ఎరువు కొనడం అటుంచి, చింపి పారేస్తారు. పేరు ప్లస్ గారు, దానికి ప్లస్ ఇంకో పేరు, ఇంకో గారు. పది పేర్లతో నడిపితే చిటికెలో వచ్చింది. నాన్న పనికి వెళ్ళలేని రోజులవి. ఆ ఉద్యోగం నాకు కావాల్సిందే.

మాస్టారు వంగి స్క్రీన్ చూశారు. "ఈ ప్లస్‌ని నేను నమ్మను. పెళ్ళి భోజనాల్లో బంతి నిండాక ఇంకొకాయన వచ్చాడనుకో. తింటున్నవాళ్ళందర్నీ లేపి, వేరే చోట ఇంకా పొడుగు బంతి వేసి, మళ్ళీ మొదట్నుంచి కూర్చోబెడతామా?"

"లేదండి."

"నీ ప్లస్ చేసేది అదే. స్ట్రింగ్ అంటే అక్షరాల వరస, ఒకసారి కట్టాక అది సాగదమ్మా. ఒక్క గారు చేరినప్పుడల్లా ఉన్న పేర్లన్నిటినీ కొత్తచోట మళ్ళీ రాస్తుంది. పది మందైతే తెలీదు. ఊళ్ళకూళ్ళే వస్తే లేపడంతోనే సరిపోద్ది, ఎవరూ తినరు. స్ట్రింగ్ బిల్డర్ వాడు. అది ముందే నాలుగాకులు ఎక్కువేసి ఉంచుతుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుంటారు."

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. కొత్త బ్యాచ్‌కి పాఠం చెప్పడానికి ఆయనకి మనిషి కావాలి, నేను కాకినాడ పోతే ఇబ్బంది, అందుకే వంకలు పెడుతున్నారని అనుమానించాను. అక్షరం మార్చకుండా పట్టుకెళ్ళాను.

ఆఫీసువాళ్ళు రెండు జిల్లాల రైతుల పేర్లు ఎక్కించారు. నొక్కాను. మేనేజరు టీ తాగొచ్చాడు, ఇంకా తిరుగుతూనే ఉంది. "ఇంకెంతసేపమ్మా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగొచ్చే బస్సులోంచి మాస్టారికి ఫోన్ చేసి, "మీరన్నట్టే అయిందిగా, సంతోషమేనా?" అని పెట్టేశాను. ఎంత పొగరో చూడండి.

సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు. స్ట్రింగ్ బిల్డర్‌తో తిరగరాసి తీసుకెళ్తే క్షణంలో అయిపోయింది. ఉద్యోగం వచ్చింది. మేనేజరు మంచివాడనుకున్నాను. మాస్టారితో మాత్రం మళ్ళీ మునుపటిలా మాట్లాడలేదు. క్రిస్మస్‌కి ఒక మెసేజ్, అంతే.

భూస్థాపన అయ్యాక ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఆ రోజు నువ్వు ఫోన్ పెట్టేశాక మీ మాస్టారు ఆ ఆఫీసుకి ఫోన్ చేశారమ్మా. 'ఆ ప్లస్ రాయమంది నేనేనండి, తప్పు నాది, పిల్లని ఇంకొక్కసారి చూడండి' అన్నారు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే."

"మేనేజరే పిలిచాడనుకున్నాను ఆంటీ" అన్నాను.

"అక్కడితో ఆగారా? మర్నాడు నువ్వు వెళ్తావో, అలిగి ఇంట్లో కూర్చుంటావో అని అనుమానం. తెల్లారే బస్ కాంప్లెక్స్‌కెళ్ళి, నువ్వు కాకినాడ బస్సెక్కి, అది కదిలేదాకా అక్కడే నుంచుని వచ్చారు."

ఆ బస్సు నాకు గుర్తుంది. కిటికీ పక్క సీటే దొరికింది. తిరగరాసిన ప్రోగ్రాం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, వరసవరసా సరిచూసుకుంటూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా తలెత్తి బయటికి చూడలేదు.