కొమురయ్య నోట్లో పైపు

పొగ పైపుల విషయంలో నా పాండిత్యం పైపైనే అని మొదటే ఒప్పుకుంటే మంచిది. జన్మలో ఒక్క దమ్ము లాగినవాణ్ణి కాను. అయినా గోదావరిఖనిలో స్టవ్వులు, ఇత్తడి సామాను బాగుచేసే నా కొట్టుకు పాత లోహపు పైపుల వయసు చెప్పమని హైదరాబాదు నుంచి కూడా ఫొటోలు వస్తాయి. అడిగేవాళ్లు కలెక్టర్లు. పెద్దపల్లిలో కూర్చునే కలెక్టరుగారు కాదు, పాత వస్తువులు సేకరించే కలెక్టర్లు. ఒకప్పుడు ఇక్కడి బొగ్గు గనుల్లో పనిచేసి వెళ్లిపోయిన ఇంజనీర్లు వదిలేసిన పైపులు పాతసామాను బండ్లలో నా దగ్గరికి చేరేవి. వాటిని తోమీ తోమీ నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. మొదట్లో అల్యూమినియం పైపును వెండిదని చెప్పి ఒక కలెక్టరు ముందు నా పరువు కూడా తోమించుకున్నాను. అది నవ్వుకోగలిగిన తెలివితక్కువతనం. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం. సెంటినరీ కాలనీ నుంచి స్వరూప అనే ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. చీర ముక్కలో చుట్టిన పైపును బల్లమీద పెట్టింది.

"అన్నా, ఇది మా నాయిన కొమురయ్యది. అవ్వ పోయి నెల అయింది. ఆమె పెట్టె తీస్తే బట్టల అడుగున దొరికింది." అవ్వ అంటే ఆమె తల్లి.

"అమ్ముతవా అక్కా?"

"అమ్మను. ఇది ఎప్పటిదో, మా నాయిన దీన్ని ఎంత తాగిండో చెప్తవా?"

వయసు అడిగేవాళ్లే తప్ప ఎంత తాగాడని అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఎందుకని అడిగితే చెప్పింది. చిన్నప్పుడు ఆమెకు ఆయాసం, బీడీ పొగ పడేది కాదు. తండ్రి ఆమె నెత్తిమీద చెయ్యిపెట్టి బీడీ మానేస్తానని ఒట్టేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే బదిలీ అయి పోతున్న ఇంజనీరు సారొకాయన ఈ పైపు ఇచ్చాడు.

"ఉత్తగనే నోట్ల పెట్టుకుంటున్ననే అనేటోడట. అవ్వ నమ్మలే. బిడ్డ మీద ఒట్టేసి, బీడీ ఇడిశి పైపు పట్టిండని అలిగింది. ఆ అలుక తీరకముందే నాయిన గని ప్రమాదంల పోయిండు."

నా కొట్టు ముందు స్టూలు మీద లింగయ్య కాక చాయ్ తాగుతున్నాడు. రిటైరైన గని కార్మికుడు, ఒకప్పుడు కొమురయ్యతో ఒకే షిఫ్టు. రోజూ చాయ్ పక్క హోటల్‌ది, అగ్గిపెట్టె నాది. బీడీ ముట్టించుకుని, అడగకముందే అందుకున్నాడు.

"పైపు యావల పోయిండు బిడ్డా మీ నాయిన. జల్ది పైకొచ్చి ముట్టియ్యాలని, పోవద్దన్న దారిల వడి ఉరికిండు. మీద గని కప్పు కూలె."

భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె, పైపు ఏవీ పోకూడదు. దిగేముందు సోదా చేస్తారు. కొమురయ్య రోజూ పైపును గని ముఖద్వారం దగ్గర కాపలావాళ్లకిచ్చి దిగి, పైకొచ్చాక బొగ్గు చేతులతోనే తీసుకునేవాడు. ఆ రోజు పైపు ఒక్కటే ఇంటికి వచ్చింది. దాని వెనకే లింగయ్య కాక కథ కూడా వచ్చి, ఇన్నేళ్లూ కాలనీలో తిరుగుతూనే ఉంది.

నేను పైపు తిప్పి చూశాను. అల్యూమినియం stem, అంటే పొగ వచ్చే గొట్టం. అడుగున ఇంగ్లండ్ ముద్ర, పేటెంటు నంబరు. నోట్లో పెట్టుకునే కొస ఎబొనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు. నల్లగా పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ ఆకుపచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. అరవైల నాటిదని చెప్పాను. అక్కడితో ఊరుకోవలసింది. ఆ కొసమీద లోతుగా పండ్ల గాట్లు కనిపించాయి. నా తెలివి ఆగలేదు.

"ఈ గాట్లు చూడు అక్కా. నిద్రలో తప్ప నోట్లకెళ్లి తీసినట్టు లేడు. మస్తు తాగిండు."

"నేను చెప్పలే?" అన్నాడు లింగయ్య కాక.

స్వరూప పైపును బల్లమీదే వదిలేసింది. చీర ముక్క మాత్రం మడిచి తీసుకుంది. "అయితే అవ్వ అన్నదే నిజం. ఇంట్ల పెట్టుకోను అన్నా. ఎవలకన్న ఇచ్చెయ్యి" అని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున హైదరాబాదు కలెక్టరుకు ఫొటో పంపాను. ఆయన మొదటి ప్రశ్న, వాళ్లందరి మొదటి ప్రశ్నే: "స్మోక్డా, అన్‌స్మోక్డా?" ఒక్కసారైనా వెలిగించారా లేదా అని. నా కొట్టుకు ఏ పాత వస్తువు వచ్చినా ముందు సబ్బునీళ్ల టబ్బులో స్నానం చేయాల్సిందే. టబ్బు సిద్ధంగా ఉంది. ఆయనకు జవాబు చెప్పి ముంచుదామని bowl, అంటే పొగాకు కూరే చెక్క గిన్నెను మర తిప్పి ఊడదీశాను.

తాగిన పైపులో గిన్నె గోడలకు మాడిన పొర ఒకటి పేరుకుంటుంది. దాన్ని cake అంటారు. కేకు అన్నారు గానీ నోట్లో పెట్టుకునేది కాదు. గొట్టంలో గోధుమరంగు జిగురు ఉంటుంది. ఇందులో రెండూ లేవు. చెక్క లోపల పచ్చిగా, తొలిచిన ఉలి గీతలతో సహా కనిపించింది. గొట్టం లోపల కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడింది. గిన్నె అడుగున మాత్రం చిటికెడు నల్లటి పొడి.

పండ్ల గాట్లు నోటి సంగతే చెబుతాయి. పొగ సంగతి చెప్పవు. ఉత్త పైపును అంత గట్టిగా కొరికాడంటే బీడీ మానడం ఆయనకు ఎంత కష్టమైందో మరి.

ఫోన్ చేస్తే స్వరూప మధ్యాహ్నం ఆటోలో వచ్చింది. టార్చి వేసి చూపించాను. చిటికెన వేలు లోపల పెట్టి తీసింది. కొస నల్లబడింది.

"గిది పొగ కాదా అన్నా?"

"కాదక్కా. పొగైతే జిగురు పట్టి గోడకే ఉంటది. ఇది బొగ్గు దుమ్ము. ఈ పైపు ఒక్కనాడు కూడా వెలగలేదు. నిన్న నేను చెప్పింది తప్పు."

ఆమె వేలి కొసనే చూస్తూ నిలబడింది. "అవ్వ నాయిన ఫొటోకు ఎన్నడు దీపం పెట్టలే. నేను పెడితే లేశి అవతలికి పోయేది. అవ్వ పోకముందే ఈ పెట్టె తెరిశి ఉంటే ఆమెకు చూపెట్టేదాన్ని." తలెత్తి అడిగింది. "మరి ఆ దారిల ఎందుకు పోయిండన్నా?"

"అది పైపు చెప్పదక్కా."

స్టూలు మీద లింగయ్య కాక ఉన్నాడు. అడిగాను. "కాకా, రోజు కొమురయ్య పక్కన కూసున్నవు గదా. ఈ పైపులకెళ్లి పొగ వచ్చుడు ఎన్నడన్న చూసినవా?"

కాక మెడ గోక్కున్నాడు. "సూడలే. నోట్ల పైపుంటే తాగుతుండనే అనుకుంటం గని, పొగ ఎవడు సూత్తడు?"

టార్చి ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. తిరిగి నా చేతికిచ్చి, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. స్వరూప పైపును అదే చీర ముక్కలో చుట్టుకుంది.

"కడగకు అన్నా" అంది. "ఆ దుమ్ము అట్లనే ఉండనీ."

అప్పటినుంచి లోపల చూడకుండా ఏ వస్తువునూ టబ్బులో ముంచడం లేదు. పైపు వయసు చెప్పడం వచ్చినంత మాత్రాన, దాన్ని పట్టుకున్న మనిషి గురించి చెప్పడం రాదని కూడా తెలిసింది. ఈ రెండో పాఠం మాత్రం ఇంకా పైపైనే ఒంటబట్టింది.

స్వరూప పైపు తీసుకెళ్లిన మరునాడు లింగయ్య కాక ఎప్పటిలాగే చాయ్‌తో వచ్చి, బీడీ నోట్లో పెట్టుకుని, నా బల్లమీదికి చెయ్యి చాపాడు. నేను అగ్గిపెట్టె తీసి సొరుగులో వేశాను.

"వెలిగియ్యని పైపులకెళ్లే ఇన్నేండ్లు పొగ తీసినోనివి. నీ బీడీకి అగ్గిపెట్టె దేనికి కాకా?"

హోటల్ దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు. కాక నవ్వలేదు, లేచి పోలేదు. చాయ్ అయిపోయేదాకా వెలగని బీడీని పండ్ల మధ్య పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.